నాబుల్లేని పెట్టె

కౌంటరు వెనక నిలబడి సరుకు అమ్మడం చిన్న ఉద్యోగమని మీలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, ఏదన్నా మంచిది దొరికేదాకా చేద్దామని, ఇరవై ఎనిమిదో ఏట చేరాను. ముప్పై రెండేళ్ళు అక్కడే ఉన్నాను. బందర్లో మైకులు, యాంప్లిఫయర్లు, స్పీకర్లు అమ్మే కొట్టు అది. ఇన్నేళ్ళలో నేను చేసిన తప్పులకి లెక్కలేదు. ఒకసారి ఒక పెళ్ళివారి యాంప్లిఫయర్ని బాగుచేస్తున్నానని చెప్పి పూర్తిగా తగలేశాను. ఇంకోసారి చర్చికి పంపాల్సిన మైకులు గుడికి, గుడికి పంపాల్సినవి చర్చికి పంపాను. అవన్నీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కటి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట సగం నా మీదే. మిగతా సగం ఎవరెవరి మీదో చెప్తాను, వినండి. చదువులయ్యాక రేపు మీరూ ఏదో ఒక కౌంటరు వెనక నిలబడతారు. బ్యాంకులోనో, ఆస్పత్రిలోనో, ఎక్కడో ఒకచోట.

మొదట్లో మా కొట్టుకి వచ్చేవాళ్ళంతా మైక్‌సెట్లు అద్దెకిచ్చేవాళ్ళే. దివిసీమలో తిరనాళ్ళకి, గుడివాడలో నాటకాలకి, ఊరూరా ప్రార్థన సభలకి. వాళ్ళకి కావాల్సింది ఒక్కటే, ఊరి చివరిదాకా వినపడాలి. కరోనా వచ్చి అందర్నీ ఇళ్ళలో కూర్చోబెట్టాక బేరం మారిపోయింది. పాటలు పాడేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు, కథలు చదివేవాళ్ళు ఇంట్లోనే ఒక గదిని స్టూడియో చేసుకోవడం మొదలుపెట్టారు. దానికి మైకు తర్వాత ముఖ్యమైన సామాను ఆడియో ఇంటర్‌ఫేస్. పేరు పెద్దదే గానీ అది చేసే పని తేలిగ్గానే చెప్పొచ్చు. మైకు వైరు ఒకవైపు దానికి తగిలిస్తాం. ఇంకోవైపు నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు వెళ్తుంది. మనిషి గొంతుని కంప్యూటరుకి అర్థమయ్యేలా మార్చే పెట్టె, అంతే. గొంతు ఎంత గట్టిగా లోపలికి తీసుకోవాలో దాని మీదే సర్దుకోవాలి. ఎక్కువైతే గొంతు పగిలిపోతుంది, తక్కువైతే మాట వెనక బుస వినపడుతుంది. పగిలిన గొంతుని తర్వాత ఎవరూ అతకలేరు.

ఈ సరుకు వచ్చేసరికి నాకు యాభై దాటాయి. వీడియోలు చూసి, పెట్టెలో వచ్చే కాగితాలు చదివి నేర్చుకున్నాను. ఆ వయసులో నేర్చుకున్నానని గర్వం కూడా వచ్చింది. ఏ పెట్టె గొంతుని ఎంత శుభ్రంగా తీసుకుంటుందో, దేనికెంత వేగముందో అడిగినవాళ్ళకీ చెప్పేవాణ్ణి, అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి.

అప్పటికి మా పెద్ద యజమాని పోయి, కొట్టు వాళ్ళబ్బాయి చేతికొచ్చింది. చిన్నప్పుడు స్కూలు నుంచి నేరుగా కొట్టుకొచ్చి, నా స్టూలు పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకున్నవాడే. అప్పుడూ నన్ను బాబాయ్ అనేవాడు, యజమాని అయ్యాకా బాబాయ్ అనే అనేవాడు. పిలుపైతే మారలేదు.

ఒకరోజు పొద్దున పదకొండింటికి పెడన నుంచి అన్నాచెల్లెళ్ళు వచ్చారు. అన్నయ్యకి నలభై ఉంటాయి. కలంకారీ అద్దకం పని, గోళ్ళ అంచుల్లో ఎర్రరంగు తెలుస్తూనే ఉంది. చెల్లెలికి ముప్పై దాటి ఉంటాయి. చేతిలో మడతపెట్టిన తెల్లకర్ర ఉంది. ఏడేళ్ళప్పుడు జ్వరమొచ్చి చూపు పోయిందని తర్వాత తెలిసింది.

"ఇంటర్‌ఫేస్ కావాలండీ," అంది ఆ అమ్మాయి.

నేను అన్నయ్య వైపు తిరిగి, "ఎవరికండీ?" అన్నాను.

"మా చెల్లికేనండీ. కథలు బాగా చదువుతుంది. హైదరాబాదులో పుస్తకాల్ని ఆడియో చేసే కంపెనీ ఒకటుందంట, ఇంట్లో రికార్డు చేసి శాంపిల్ పంపమన్నారు. అది నచ్చితే పని ఇస్తారంట."

"ల్యాప్‌టాప్ ఏది వాడతారు?" మళ్ళీ అన్నయ్యనే అడిగాను.

అతను చెల్లెలి వైపు తిరిగాడు. ఆ అమ్మాయి చెప్పింది. విన్నదే అతను మళ్ళీ నాకు చెప్పాడు. మైకు ఏదని అడిగాను. ఆ అమ్మాయి అతనికి చెప్పింది, అతను నాకు చెప్పాడు. గది ఎంతుంటుందని అడిగాను. అలా ఐదారు ప్రశ్నలు. ఎదురుగా రెండడుగుల దూరంలో నిలబడి, స్వచ్ఛమైన తెలుగు మాట్లాడుతున్న మనిషితో, మధ్యలో దుబాసీని పెట్టుకుని మాట్లాడాను. అందులో వింతేమీ అనిపించలేదు నాకు. నేను మంచివాణ్ణనే అనుకుంటున్నాను అప్పటికి.

కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే గొప్ప మోడల్ దించాను. వచ్చి నెలైంది. పైన అద్దంలాంటి నల్లటి పలక, దాని మీద ఒక్క నాబు లేదు. వేలు ఆనిస్తే గీతలు వెలుగుతాయి.

"తిప్పే నాబులుంటాయా అండీ దీనికి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నాబులు పాత మోడల్సమ్మా. అరిగిపోతాయి, కొన్నాళ్ళకి గరగరమంటాయి. ఇది మొత్తం టచ్. మిగతా సెట్టింగులన్నీ నీట్‌గా ల్యాప్‌టాప్ తెర మీద కనపడతాయి."

తెర మీద కనపడతాయని చూపులేని మనిషితో అన్నాను. అన్నాక కూడా నాలుక కరుచుకోలేదు. ఆ అమ్మాయి చెయ్యి చాచి పలక మీద పెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపింది. గీతలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

"ముట్టుకోకమ్మా, సెట్టింగులు మారిపోతాయి," అన్నాను.

చెయ్యి తీసేసింది. "నాబులున్నది ఇంకోటి ఏదన్నా చూపిస్తారా అండీ?"

అన్నయ్యకి మొహమాటం వచ్చింది. "పెద్దాయన అంత చెప్తున్నారు కదా. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పనంట. నీకంటే తెలీదా ఆయనకి?" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది, దాచుకోవడమెందుకు. ఆ అమ్మాయి ఇంక మాట్లాడలేదు. నేను బిల్లు రాశాను. పేరు ఎవరిదని అడిగి, అన్నయ్య పేరే రాశాను.

పది రోజుల తర్వాత కొట్టుకి ఫోనొచ్చింది. ఆ అమ్మాయే. ల్యాప్‌టాప్‌లో తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తను వాడుతుంది. మామూలుగా ఏ బటన్ మీదకి వెళ్ళినా అది దాని పేరు చెప్తుంది. మా గొప్ప పెట్టెతో వచ్చిన సెట్టింగుల పేజీలోకి వెళ్తే మాత్రం, "బటన్, బటన్, బటన్" అని తప్ప ఇంకేమీ చెప్పడం లేదట. ఏ బటన్ దేనిదో తెలియడం లేదు.

నాకు కొంచెం విసుగొచ్చింది. అవతల ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు. "మీ అన్నయ్యగారు ఉన్నప్పుడు పెట్టించుకో అమ్మా. ఒకసారి సెట్ చేస్తే చాలు," అన్నాను.

"ఒకసారి చేస్తే చాలదండీ. ఒక కథ మెల్లగా చదువుతాను, ఒకటి గట్టిగా చదువుతాను. ప్రతిసారీ మార్చుకోవాలి. మా అన్నయ్య ఉన్నప్పుడే నేను చదవాలా?"

"కొన్నాళ్ళు సర్దుకోమ్మా, అలవాటవుతుంది," అని ఫోన్ పెట్టేశాను. అలవాటవుతుందట. దేనికి అలవాటవ్వాలో నాకే తెలియదు.

ఇంకో వారానికి ఆ అమ్మాయి ఒక్కత్తే బందరు బస్సెక్కి వచ్చింది, చేతిసంచిలో పెట్టె పెట్టుకుని. ఆ రోజు యజమాని కూడా కౌంటర్లో ఉన్నాడు. పెట్టె బల్ల మీద పెట్టి, ఇది తనకి పనికిరావడం లేదనీ, నాబులున్నది ఇచ్చి ఇది తీసుకోమనీ అడిగింది. చెప్పాల్సింది చక్కగా, వరసగా చెప్పింది.

మావాడు ఆ అమ్మాయిని చూడలేదు, నన్ను చూశాడు. "సీలు తీసింది వాపసు తీసుకోం అని చెప్పు బాబాయ్ ఆవిడకి."

"నాకు వినపడుతుందండి," అంది ఆ అమ్మాయి.

అప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. కంపెనీ తరఫున సరుకు సప్లై చేసే అతనికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టాడు. సంగతి విని అతను నవ్వాడు. "అది ప్రొఫెషనల్స్ వాడేదండీ. కళ్ళు లేనివాళ్ళకి అంత హై ఎండ్ ఎందుకు అంటగట్టారు? వాళ్ళకి ఫోన్లో మైకు చాలదూ?" అన్నాడు. కొట్లో ఉన్న నలుగురూ విన్నారు. మావాడు ఫోన్ కట్టేసి, "విన్నావుగా బాబాయ్" అన్నాడు. మళ్ళీ నాతోనే.

నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. వైర్లు చుడుతున్నట్టు తల దించుకున్నాను. అది నేను అమ్మిన సరుకు, బిల్లు మీద ఉన్నది నా రాత, చూపించమన్నది చూపించకుండా పంపింది నేను. నోరు తెరిచి ఆ ఒక్క మాట చెప్పడానికి ధైర్యం చాలలేదు. రిటైరయ్యే ముందు యజమానితో తగువెందుకులే అనుకున్నాను. మీ అనుభవజ్ఞులైన పెద్దలు చాలామంది ఇలాంటి లెక్కలే వేసుకుని అనుభవజ్ఞులయ్యారని గుర్తుపెట్టుకోండి.

ఆ అమ్మాయి పెట్టెని మళ్ళీ సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "వస్తానండీ" అంది. ఎవరితో అందో నాకు తెలుసు.

ఆ ఆదివారం కొట్టుకి సెలవు. ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. నా దగ్గర సొంతానికి ఒక ఇంటర్‌ఫేస్ ఉండేది, నాలుగేళ్ళనాటిది, నాబులున్నది. ఇంట్లో సరదాకి వాడుకునేవాణ్ణి. అది తీసుకుని పెడన వెళ్ళాను. బిల్లు మీద ఫోన్ నంబరుంది కాబట్టి ఇల్లు కనుక్కోవడం కష్టమవలేదు.

వసారాలో అన్నయ్య పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి అచ్చులు వేస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి కుర్చీ వేశాడు. ఆ అమ్మాయి గోడవార అచ్చుల బీరువా దగ్గర నిలబడి ఉంది. "తీగ అంచు అందుకో," అన్నాడు అన్నయ్య. ఆ అమ్మాయి వరసలో ఉన్న చెక్క అచ్చుల మీద వేళ్ళు పోనిచ్చి, ఒకటి తీసి, బొటనవేలితో మూల తడిమి, "ఇది వద్దన్నయ్యా, ఆకు చివర అరిగిపోయింది. గుడ్డ మీద ముద్దగా పడుతుంది," అని ఇంకోటి తీసి ఇచ్చింది. అతను అవునా కాదా అని చూడను కూడా చూడలేదు. తీసుకుని రంగులో అద్దాడు.

సర్దుకోమ్మా అని ఫోన్లో నేను చెప్పింది ఈ వేళ్ళకి.

లోపలి గదిలో రికార్డింగు చేసుకుంటుందట. ఆ గది చూసి ఆశ్చర్యపోయాను. మూడు గోడలకీ అద్దకానికి తెచ్చిన నూలుబట్టల తానులు పైదాకా పేర్చి ఉన్నాయి. అందులో చప్పట్లు కొడితే ప్రతిధ్వని లేదు. డబ్బులు పోసి కట్టిన స్టూడియోల్లో కూడా అంత మెత్తటి నిశ్శబ్దం దొరకదు. పక్కింటి మగ్గాలు మధ్యాహ్నం భోజనాలకి ఆగుతాయి కాబట్టి ఆ గంటన్నరలోనే చదువుకుంటుందట. ఏ కథ ఎంతసేపు పడుతుందో ముందే చూసుకుని, ఆ గంటన్నరకి సరిపడేట్టు అన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంటుంది. మైకు కూడా అదే ఆలోచనతో కొనుక్కుంది, దగ్గరి గొంతు తప్ప దూరపు చప్పుళ్ళు పట్టనిది. ఇవన్నీ కొట్లోనే అడిగితే చెప్పేది. నేను అడిగింది వాళ్ళన్నయ్యని.

"ఏమవుతుందో చూపిస్తాను, కూర్చోండి," అని మా గొప్ప పెట్టెకి మైకు తగిలించింది. గొంతు పెంచే గీత ఎక్కడుందో వెతకడానికి వేలు పలక మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే ఏదో ఒకటి మారిపోయింది. ఏం మారిందో తనకి తెలియదు. దాన్ని వెనక్కి తిప్పుదామని ఇంకోచోట ముట్టుకుంది. అదీ మారింది.

అప్పటికి నా బుర్రకెక్కింది. మనం ఒక వస్తువుని ఎంతసేపైనా చూడొచ్చు. మనం చూసినంత మాత్రాన అది మారిపోదు. ఆ అమ్మాయికి చూడటమంటే ముట్టుకోవడమే. ఈ పెట్టె ముట్టుకుంటే చాలు, ఆజ్ఞ అనుకుంటుంది. అంటే దాన్ని చూడ్డానికే వీల్లేదు. చూడనివ్వని వస్తువుని కొట్లో అన్నిటికంటే గొప్పదని చెప్పి అమ్మాను. పైగా, ముట్టుకోకమ్మా అని నా నోటితో నేనే అన్నాను.

"దీని వల్లే శాంపిల్ పాడైందండీ," అంది. "గంటన్నర చదివాను. నాకు చెవుల్లో బాగానే వినపడింది. లోపల మాత్రం గొంతు పగిలిపోయి రికార్డయింది. చదివేటప్పుడు చెయ్యి తగిలిందేమో. సాయంత్రం విని తెలుసుకునేసరికి ఆఖరు గడువు. మళ్ళీ చదివే టైం లేక అదే పంపాను."

"వాళ్ళేమన్నారు?"

"సరిగా లేదన్నారు. బతిమాలితే ఇంకో అవకాశం ఇచ్చారు. వచ్చే సోమవారం లోపల పంపాలి."

ఎనిమిది రోజులుంది. నేను గబగబా నా సంచిలోంచి నా పాత ఇంటర్‌ఫేస్ తీసి చేతికిచ్చాను. "ఇది ఉంచుకోమ్మా. నాబులున్నదే. అది నేను తీసుకెళ్తాను," అన్నాను. నా ఉదారతకి నాకే కళ్ళు చెమర్చాయి.

ఆ అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని తడిమింది. నాబులు తిప్పింది. బటన్లు నొక్కింది. రెండు మూడు నిమిషాలు పట్టింది.

"నాబులు బాగున్నాయండీ. కానీ గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. ఏ వైపు తిరిగి ఉందో వేలికి తెలియడం లేదు. ఈ బటన్ నొక్కితే పైకే వచ్చేస్తోంది, పడిందో లేదో లైటు చూస్తే గానీ తెలియదనుకుంటా. అంతేనా?"

అంతే. నాలుగేళ్ళు వాడిన నాకు ఎప్పుడూ తట్టలేదు.

"ఇదీ మంచిదే అయుంటుంది. కానీ మళ్ళీ మీరే ఎంచి తెచ్చారు," అంది మెల్లగా. "నాకు దానం వద్దండీ. మీ కొట్లో ఎన్నున్నాయో అన్నీ నా ముందు పెట్టండి. నన్ను ఎంచుకోనివ్వండి. ఆ రోజు అడిగింది కూడా అదే."

వసారాలోంచి వింటున్న అన్నయ్య పని ఆపి గుమ్మంలోకి వచ్చాడు. "ఆ రోజు నేనే దాని నోరు మూయించానండీ," అన్నాడు. ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. "నువ్వు మూయించావు, ఆయన మూయించనిచ్చారు. ఇద్దరూ సమానమే," అంది. అందులో కోపం లేదు. తీర్పు చెప్పినట్టు చెప్పింది.

మంగళవారం పొద్దున్నే రమ్మన్నాను. ఆ రోజు కొట్టు తెరవగానే షెల్ఫుల్లోంచి, స్టాకు గదిలోంచి ఉన్న ఇంటర్‌ఫేస్‌లన్నీ తీసి బల్ల మీద వరసగా పెట్టాను. ఏడు మోడళ్ళు. సీళ్ళు కోసేశాను. అన్నిటికీ వైర్లు తగిలించాను. పక్కన ఒక మైకు, హెడ్‌ఫోను, ల్యాప్‌టాప్ పెట్టాను. మావాడు రావడానికి పదిన్నర అవుతుంది. తొమ్మిదిన్నరకల్లా ఆ అమ్మాయి వచ్చింది, ఈసారి అన్నయ్యతో. అతను లోపలికి రాకుండా మెట్ల మీదే నిలబడ్డాడు.

"ఎడమ చివర నుంచి మొదలుపెట్టమ్మా. ఏది కావాలన్నా ముట్టుకో," అన్నాను.

అంత శ్రద్ధగా ఒక వస్తువుని కొన్నవాళ్ళని నేను ముప్పై రెండేళ్ళలో చూడలేదు. ఒక్కొక్కదాన్ని ముందు చల్లగా ఉన్నప్పుడు తడిమింది. తర్వాత కరెంటు పెట్టించి, ఒక్కో నాబు తిప్పుతూ ఇది దేనిదని అడిగింది. తర్వాత హెడ్‌ఫోను పెట్టుకుని ఒక పేరా చదివింది. ఎక్కడా పుస్తకం లేదు, కంఠతా వచ్చిన కథ. కొట్లోకి వచ్చిన గుడివాడ ఆర్కెస్ట్రా అతను ఒకాయన, స్పీకరు కోసం వచ్చినవాడు, అడగడం మానేసి వింటూ నిలబడ్డాడు. అప్పుడే నేనూ మొదటిసారి ఆ గొంతు విన్నాను. ఆ గొంతుకి ఏ పెట్టె నప్పుతుందో ముందే తేల్చేసిన మొనగాణ్ణి నేను, గొంతు వినకుండానే.

ఐదో పెట్టె దగ్గరుండగా మావాడు వచ్చాడు. బల్ల మీద కోసిన సీళ్ళు చూసి మొహం ఎర్రబడింది.

"ఏంటి బాబాయ్ ఇది? కూరగాయల బండి అనుకున్నావా, తడిమి ఏరుకోవడానికి?"

"అవునండీ," అంది ఆ అమ్మాయి హెడ్‌ఫోను తీసి. "వంకాయ కొనేటప్పుడు కూడా మీరు కళ్ళతో చూసే కదా కొంటారు? నేను చేత్తో చూస్తాను."

గుడివాడాయన దగ్గినట్టు చేసి నవ్వాడు. దాంతో మావాడికి ఇంకా మండింది. "ఈ సీళ్ళు పోయినవాటిని రేపు ఎవడు కొంటాడు? ముందు ఇవన్నీ లోపల పెట్టించు," అన్నాడు నాతో.

అప్పుడు నోరు తెరిచాను. వారం రోజులు ఆలస్యంగా తెరిచాను. "ఆవిడకి చెప్పాల్సింది ఆవిడకే చెప్పు బాబూ. నాకు కాదు. ఆ రోజు అడిగింది చూపించకుండా తప్పు సరుకిచ్చింది నేను. ఆవిడ ఎంచుకునేదాకా ఇవి బల్ల మీదే ఉంటాయి. ఆ టచ్‌ది వెనక్కి తీసుకోవాలి."

"తీసుకోనన్నాగా."

"అయితే నా పేరున రాయి. నేను కొనుక్కుంటాను."

మావాడు నన్ను చాలాసేపు చూశాడు. తన హోంవర్కు దిద్దిన మనిషినే కొత్తగా చూస్తున్నట్టుంది. గల్లాపెట్టె దగ్గరకెళ్ళి కూర్చున్నాడు.

"మీరెందుకండీ డబ్బు పెట్టుకోవడం? నా మీద జాలా?" అంది ఆ అమ్మాయి.

"కాదమ్మా, జరిమానా," అన్నాను.

"అయితే సరే," అని ఆరో పెట్టె మీదకి చెయ్యి జరిపింది.

ఎంచుకున్నది ఆరోదే. ఇనప రేకు డబ్బా, చూపుకి ఏమంత బాగుండదు, కింది అరలో దుమ్ము పట్టి ఉండేది. దాని నాబులకి ఒక పక్క గట్టులా లేచి ఉంటుంది, గడియారం ముల్లులా. వేలు పెడితే ఎటు తిరిగి ఉందో తెలిసిపోతుంది. బటన్లు నొక్కితే లోపలికి దిగి అక్కడే ఉంటాయి. అన్నీ డబ్బా మీదే, ల్యాప్‌టాప్ తెర మీద చెయ్యాల్సింది ఏదీ లేదు. ఆ అమ్మాయి మూడుసార్లు తిప్పి చూసుకుని, "మెల్లగా చదివితే ముల్లు రెండు గంటల దగ్గర, గట్టిగా చదివితే పదకొండు దగ్గర. ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు," అంది. బిల్లు రాస్తూ, "పేరు చెప్పమ్మా," అని అడిగాను. చెప్పింది. ఆ పేరే రాశాను.

నాకేమైందంటారా? నెల తిరక్కుండా, "కౌంటర్లో కుర్రవాళ్ళని పెడదాం బాబాయ్, నువ్వు వెనక రిపేర్లు చూసుకో" అన్నాడు మావాడు. ఏడాది రిపేర్లు చూసుకుని రిటైరయ్యాను. శాలువా కప్పారు. వెనక ఫ్లెక్సీ మీద 'కస్టమరే మా దేవుడు' అని రాయించారు. దేవుడితో మాట్లాడాలంటే పక్కనున్న పూజారితో మాట్లాడాలని వాళ్ళ ఉద్దేశమేమో. ఆ టచ్ పెట్టెని పాటలు పాడుకునే ఒక కుర్రాడికి ఇచ్చేశాను. అతను దాంతో సుఖంగా ఉన్నాడు. పెట్టెలో తప్పేమీ లేదు.

ఆ అమ్మాయి శనివారానికే శాంపిల్ పంపింది. హైదరాబాదు కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. గొంతు అద్భుతంగా ఉందన్నారు. ఒక వీడియో చేస్తామన్నారు, చూపులేని అమ్మాయి పల్లెటూళ్ళో, బట్టల తానుల మధ్య కథలు చదవడం మీద. మీ గొంతు కంటే మీ కథ ఎక్కువమందికి చేరుతుందన్నారు. "పుస్తకం ఇస్తారా, ఇవ్వరా?" అని అడిగిందట. వీడియో ఎలా వెళ్తుందో చూసి చెప్తామన్నారట. ఆ అమ్మాయి వద్దని ఫోన్ పెట్టేసింది. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు నేను ఆ కంపెనీ వాళ్ళని అరగంట తిట్టాను. ఆ అమ్మాయి తర్వాత పిల్లల పుస్తకాలు వేసే ఇంకో సంస్థకి శాంపిల్ పంపింది. చూపు సంగతి రాయలేదు. వాళ్ళు గొంతు విని పని ఇచ్చారు. ఇప్పటికీ ఇస్తున్నారు. వాళ్ళకి ఇవాళ్టిదాకా తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

కథ ఇక్కడ ఆపితే మీకు బాగుంటుంది. కానీ మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఆ ఇనప డబ్బాకి వైరు గుచ్చేచోట కొంచెం వదులవుతోందట, చూస్తారా అని అడిగింది. వెళ్ళి అతుకు వేసి వచ్చాను. అలాంటిదే ఇంకోటి తెచ్చి పక్కన పెట్టుకుంటే మంచిదనిపించి వాకబు చేశాను. ఆ మోడల్ తియ్యడం ఆపేశారట. దాని బదులు కొత్తది వచ్చింది. సన్నగా, నల్లగా, నున్నగా. 'ఇక నాబుల బాధ లేదు' అని ప్రకటన. విజయవాడలో అడిగాను, హైదరాబాదులో అడిగాను. పాత సరుకు ఎక్కడా లేదు. తయారుచేసే కంపెనీకి ఉత్తరం రాశాను, ఆ అమ్మాయి వేళ్ళు ఎలా పని చేస్తాయో వివరంగా, రెండు పేజీలు. మీ అభిప్రాయానికి ధన్యవాదాలని, కొత్త మోడల్ ఎలా వాడాలో ఈ వీడియో చూడండని జవాబొచ్చింది.

ఆ సంగతే ఫోన్లో ఆ అమ్మాయికి చెప్పాను. 

"అయితే నాది పాడైతే ఏం కొనుక్కోవాలండీ?" అంది.

ముప్పై రెండేళ్ళు ఆ సరుకే అమ్మినవాణ్ణి. ఎవరేం కొనాలో వాళ్ళు అడక్కముందే చెప్పినవాణ్ణి. "నాకు తెలియదమ్మా," అన్నాను.